తెల్ల పంచెకు నీలం, రైతు మెడకు బయానా

పండగ ముందు తెల్లబట్టలు ఉతికి, ఆఖరుసారి జాడించే నీళ్లలో ఇల్లాలు కాస్త నీలిమందు కలుపుతుంది. పంచె మల్లెపువ్వులా తయారవుతుంది. తెలుపు మీద నీలం వేస్తే తెలుపు ఎలా పెరిగిందని ఎవరూ అడగరు. పాతబడిన నూలుబట్టకు పసుపు ఛాయ వస్తుంది. నీలం ఆ పసుపును కంటికి ఆననివ్వదు, అంతే. మురికి పోయిందా లేదా అన్నది వేరే సంగతి!

పొట్లాల్లో వచ్చే ఆ పొడి చెట్టు నుంచి తీసింది కాదు. బంకమన్ను, సోడా, గంధకం, బొగ్గు కలిపి బట్టీలో కాల్చి చేసే రంగు. దానికి పూర్వం ఇదే రంగు కావాలంటే ఆఫ్ఘనిస్థాన్‌లోని బదక్షాన్ కొండల్లో తవ్విన రాయిని నూరవలసిందే. అజంతా గుహల్లోని నీలం ఆ రాతి నీలమే. యూరపులో చర్చిలకు బొమ్మలు వేసేవాళ్లు దాన్ని బంగారంతో సమానంగా కొనేవారు. 1828లో ఫ్రాన్సులో గిమే అనే ఆయన ఆ రంగును బట్టీలో చేసి చూపి బహుమతి కొట్టాడు. దాంతో రాజుల గోడల మీది రంగు చాకిరేవుకు దిగివచ్చింది. పేరు మాత్రం మన భాషలో చెట్టు పేరే నిలిచింది. నీలిమందు అంటే అసలు నీలి చెట్టు నుంచి తీసిన మందు.

రైతు సమస్యలు రాసే చోట ఈ రంగుల గొడవ ఏమిటని కొందరికి అనిపించవచ్చు. పత్తికి ధర లేదు, మిరపకు తెగులు, మధ్యన నీలం ఎందుకయ్యా అని. రైతుకు నీలం కొత్తదేమీ కాదు. ద్రాక్షకూ నిమ్మకూ కొట్టే బోర్డో మిశ్రమంలో మైలుతుత్తం నీలమే కదా. అది పుట్టిన కథ కూడా తమాషాయే. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతపు రైతులు దారిన పోయేవాళ్లు ద్రాక్షపళ్లు కోసుకుపోకుండా, విషమని భయపడేలా, బాట పక్క పాదులకు మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. ఆ పాదులకు బూజు తెగులు రాలేదని మిలార్దే అనే శాస్త్రవేత్త 1882లో గమనించాడు. 1885లో లోకానికి చెప్పాడు. దొంగల కోసం చల్లింది తెగులుకు మందయింది. కానీ ఇవాళ మేము చెప్పదలచిన నీలం వేరు. అది చల్లేది కాదు, పండించేది. ‘మేం ఈ పంట వెయ్యం’ అని ఈ దేశపు రైతు మొండికేసి, తెల్లదొరల ప్రభుత్వాన్ని వెనక్కు నడిపించిన పంట అది.

ఆకాశపు నీలాన్ని ఎవరూ తూకం వేసి అమ్ముకోలేరు. నిజానికి అక్కడ రంగేమీ లేదు. ఎండలోని నీలి కాంతిని గాలి అణువులు ఎక్కువగా చెదరగొడతాయి కాబట్టి మనకు అలా కనబడుతుంది. సముద్రం నీలమంతా ఆకాశం నీడే అన్న మాట సి.వి. రామన్‌కు మింగుడుపడలేదు. 1921లో ఓడ మీద మధ్యధరా సముద్రం దాటుతూ ఆ నీలాన్ని పరీక్షించడం మొదలుపెట్టాడు. విశాఖపట్నం సముద్రపు ఒడ్డున చదువుకుంటూ పెరిగిన పిల్లవాడికి ఆ అనుమానం రావడంలో వింతేముంది? ఆ దారినే పోయి 1928లో తన పేరు నిలిచిపోయే ఫలితాన్ని కనిపెట్టాడు. అయితే ఆకాశం నీలం బట్టకు అంటదు. బట్టకు అంటే నీలం భూమిలోనుంచే రావాలి, దానికో రైతు కావాలి.

ఆకులో లేని రంగు

నీలి చెట్టు చూడ్డానికి వెంపలి మొక్కలా ఉంటుంది. మూడు నాలుగు అడుగులు పెరుగుతుంది. చిక్కుడు జాతి. ఆకు పచ్చగా ఉంటుంది. ఎంత పరికించినా అందులో నీలం కనబడదు. ఉన్నది రంగులేని పదార్థం. దాన్ని నానబెట్టి, పులియబెట్టి, గాలి తగిలిస్తే గాని నీలం పుట్టదు. ఇది ఏ పండితుడు కనిపెట్టాడో తెలియదు గాని, ఈ విద్య మాత్రం చాలా పాతది. దక్షిణ అమెరికాలోని పెరూలో దాదాపు ఆరువేల ఏళ్ల నాటి నూలుగుడ్డ మీద నీలిమందు ఉన్నట్టు 2016లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. గ్రీకులకు మాత్రం ఈ రంగు మన దేశం నుంచే పోయింది. అందుకే దానికి హిందూదేశపు సరుకనే పేరు పెట్టుకున్నారు. ఇండిగో అన్న మాట అలా వచ్చిందే.

పని ఇలా సాగేది. పూత రాకముందే మొక్కను కోసి మోపులు కట్టి, ఆ పూటకా పూటే తొట్టికి చేర్చాలి. మెట్టు మెట్టుగా రెండు తొట్లుంటాయి. పై తొట్లో మోపులు పేర్చి, తేలకుండా పైన దుంగలు బిగించి, నీళ్లు పెడతారు. పది పన్నెండు గంటల్లో నీళ్లు పొంగు వచ్చి, పసుపు కలిసిన పచ్చరంగుకు తిరుగుతాయి. ఆ కంపు ఊరి పొలిమేర దాటుతుంది. అప్పుడు ఆ నీళ్లను కింది తొట్లోకి వదిలి, కూలీలు మొలలోతు నీళ్లలో దిగి, తెడ్లతో గంటల తరబడి చిలుకుతారు. గాలి తగిలే కొద్దీ నురగ పచ్చన పోయి నీలమెక్కుతుంది. సున్నపుతేట కలిపి వదిలేస్తే నీలం అడుక్కి దిగుతుంది. పై నీళ్లు వంచేసి, మడ్డిని కాచి, గుడ్డలో వడగట్టి, బరువు కింద నొక్కి, బిళ్లలు కోసి, నీడన ఆరబెడతారు. వంద కిలోల పచ్చిరొట్ట నానేస్తే చేతికొచ్చే రంగు అర కిలో కూడా దాటదు.

రంగు అద్దడం మళ్లీ ఇంకో విద్య. నీలం నీళ్లలో కరగదు. తగిరస గింజలు, సున్నం, బెల్లం వేసి కుండలో పులియబెడితే నీలం తన రంగు తాను పోగొట్టుకుని కరుగుతుంది. బట్ట ముంచి తీసినప్పుడు పచ్చగా ఉంటుంది. గాలికి ఆరవేస్తే మన కళ్లముందే నీలమవుతుంది. ఈ కుండ ఒక్కోసారి మాట వినదు. పులుపు చెడిందంటే సరుకంతా గంగపాలు. అలా చెడినప్పుడు ఏదో ఒక అబద్ధం పుట్టించి ఊళ్లోకి వదిలితే కుండ కుదురుకుంటుందని రంగులవాళ్లు నమ్మేవారట. లేనిపోని పుకారును ‘నీలివార్త’ అని మనం అనడం అక్కడినుంచే వచ్చిందంటారు. ఇవాళ నీలివార్తలు పుట్టించేవాళ్లకు కుండలూ లేవు, పులుపూ అక్కర్లేదు. అది వదిలేద్దాం.

ఇక్కడ ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేం. మన బొమ్మల్లో రాముడు నీలం, కృష్ణుడు నీలం. కాళహస్తి కలంకారీలో దేవుడి ఒంటికి నీలం పెడితేనే దేవుడు. మరి ఆ నీలం తీసినవాడి చెయ్యో? మద్యం, లక్కలతో పాటు నీలిని కూడా బ్రాహ్మణుడు అమ్మకూడదని మనుస్మృతి పదో అధ్యాయం రాసింది. నీలి అద్దిన బట్ట కడితే మైల అని ఇతర స్మృతులు కూడా రాశాయి. దేవుడి మేనికి పవిత్రమైన రంగు పనివాడి చేతికి అంటితే మైలపడిపోయింది! అదే నీలాన్ని 1942లో అంబేద్కర్ నాయకత్వాన ఏర్పడిన షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ తన జెండాగా ఎత్తింది. ఈనాడు మన పల్లెల్లో వాడ మొదట్లో నీలి కోటు వేసుకుని, చెయ్యి చాచి నిలబడ్డ విగ్రహం చూడని ఊరుందా?

నీలి దొరల లెక్క

యూరపువాళ్లకు సొంత నీలం మొక్క ఉండేది. దాన్ని పండించే రైతులను కాపాడుకోవడానికి అక్కడి రాజులు మన నీలిమందును ‘దయ్యపు రంగు’ అన్నారు. 1609లో ఫ్రాన్సు రాజు నాలుగో హెన్రీ దాన్ని వాడితే మరణశిక్ష అని శాసించాడు. తమ రైతు సంగతి వచ్చేసరికి ఎంత శ్రద్ధ! ఆ శ్రద్ధ సముద్రం దాటి రాలేదు. కరీబియన్ దీవుల్లో ఆఫ్రికా బానిసల చేత ఈ పంటే వేయించారు. మన కోరమాండల్ తీరంలో నేసి నీలం ముంచిన గుడ్డల బేళ్లను ఓడలకెక్కించి పడమటి ఆఫ్రికా రేవుల్లో దించి, వాటికి మారకంగా మనుషుల్ని కొనేవారు. గినీ గుడ్డ అని దానికి వ్యాపారప్పేరు. గజాల లెక్కన గుడ్డ కొలిచి మనిషికి ధర కట్టారు.

1791లో ఫ్రెంచివాళ్ల దీవి సెయింట్ డొమింగోలో బానిసలు తిరగబడ్డారు. అక్కడి పంట దెబ్బతింది. ఇంగ్లండులో మిల్లులు పెరుగుతున్నాయి, నీలం కావాలి. ఈస్టిండియా కంపెనీ కన్ను బెంగాలు మీద పడింది.

అక్కడ రెండు రకాల సాగు నడిచింది. దొర తన సొంత నేలలో కూలీలతో చేయించేది ఒకటి. దానికి నాగళ్లూ ఎడ్లూ కూలీలూ తానే చూసుకోవాలి, అది గిట్టుబాటు కాదు. కాబట్టి ఎక్కువ భాగం రెండో పద్ధతే. రైతు నేల, రైతు ఎడ్లు, రైతు రెక్కలు. దొర ఇచ్చేది బయానా మాత్రం. చేతిలో నాలుగు రూపాయలు పెట్టి, కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవాడు. నీ చేనులో మంచి నేల ఇంత భాగం నీలి వేస్తానని రాసిచ్చినట్టు. పంట కోసి తొట్టికి మోసుకుపోతే, గుమాస్తా లెక్క కట్టి బయానా, విత్తనం, బండి కిరాయి పోగా మళ్లీ బాకీయే మిగిల్చేవాడు. బాకీ మీద కొత్త బయానా. తండ్రి పోతే కొడుకు పేరు ఎక్కేది. బిగా కొలిచే కర్ర దొరది, మోపు కట్టే గొలుసు దొరది. దొర బిగా జమీందారు బిగా కంటే పెద్దది! వరి వేసుకోవలసిన మెరక నేల, వరి విత్తుకోవలసిన అదను, రెండూ నీలికే పోయేవి. కాదన్నవాణ్ణి నీలికోఠీ గోదాములో పెట్టి తాళం వేసేవారు. లాఠీ మూకలు ఇళ్లమీద పడేవి.

నీలి నేలను పీల్చేస్తుందని ఆ రైతులు మొత్తుకునేవారు. మేము ఆ మాటను కాస్త ఆగి చూడాలంటాం. చిక్కుడు జాతి మొక్క వేరు బుడిపెల్లో నత్రజని నిలుస్తుంది. ఫిలిప్పీన్స్‌లో ఇదే నీలి మొక్కను వరికి పచ్చిరొట్ట ఎరువుగా వేసేవారు. మన దక్షిణాదిలోనూ తొట్లోంచి తీసిన రొట్టను మడికి తోలేవారు. మొక్క తిన్నదానికంటే బయానా తిన్నదే ఎక్కువ. మంచి నేలలో తిండిగింజ వేసుకోనివ్వకుండా ఏటా అదే పంట కోసుకుపోయి, నేలకు తిరిగి ఏమీ ఇవ్వకపోతే ఏ భూమి అయినా గొడ్డుపోతుంది. నేరం మొక్కది కాదు.

1859లో నదియా జిల్లా చౌగాచాలో విష్ణుచరణ్ విశ్వాస్, దిగంబర్ విశ్వాస్ అనే ఇద్దరు నీలికోఠీ కొలువు వదిలిపెట్టి రైతులను కూడగట్టారు. నీలి విత్తం, బయానా ముట్టం. ఇదీ కట్టుబాటు. జెస్సోరు, పబ్నా జిల్లాలకు పాకింది. ఈటెలు పట్టినవాళ్లు, వడిసెలలు విసిరేవాళ్లు, ఇటుకలు రువ్వేవాళ్లు జట్లు జట్లుగా ఏర్పడ్డారు. ఆడవాళ్లు కుండలూ పళ్లేలూ వంటింటి సామానూ పట్టుకుని లాఠీ మూకల మీద పడ్డారు. హిందువూ ముస్లిమూ ఒకే వరసన నిలబడ్డారు. దొరలకు భయం పట్టుకుంది. 1860 మార్చిలో సర్కారు హడావుడిగా ఒక చట్టం చేసింది. బయానా తీసుకుని నీలి విత్తకపోవడం నేరమట, జైలట. చేనులో ఏ గింజ వేయాలో రైతు నిర్ణయించుకుంటే క్రిమినల్ నేరం! ఆరు నెలలు నడిచిన ఆ చట్టం కింద జైళ్లు నిండాయి. నీలి మాత్రం మొలవలేదు.

ఆ ఏడాదే బెంగాలు లెఫ్టినెంట్ గవర్నరు గ్రాంట్ పడవ మీద కుమార్, కాళీగంగ నదుల్లో పోతుంటే అరవై డెబ్బయి మైళ్ల పొడవునా రెండు ఒడ్లమీదా రైతులు నిలబడ్డారు. ఆడవాళ్లు, పిల్లలు కూడా. కేకల్లేవు, రాళ్లు లేవు. న్యాయం చెయ్యమని అడగడమే. ఆ దృశ్యం చూసి ఆయన హడలిపోయాడు. విచారణ సంఘం అప్పటికే వేసి ఉన్నారు. నీలి పెట్టెల్లో మనుషుల నెత్తురు మరక అంటకుండా ఇంగ్లండు చేరిన పెట్టె ఒక్కటీ లేదన్న మాట నిజమేనని ఆ సంఘం ముందు సాక్ష్యం చెప్పింది రైతు నాయకుడు కాదు. ఫరీద్‌పూరులో మేజిస్ట్రేటుగా పనిచేసిన ఇంగ్లీషువాడు డి లాటూర్. ఇష్టం లేకుండా ఎవరిచేతా నీలి వేయించరాదని ప్రభుత్వం చెప్పక తప్పలేదు.

పత్రికలవాళ్లం కాబట్టి ఇంకో రెండు పేర్లు తలచుకోవాలి. ‘హిందూ పేట్రియట్’ సంపాదకుడు హరిశ్చంద్ర ముఖర్జీ ఊరూరి నుంచి వచ్చిన నీలి రైతుల గోడు వారం వారం అచ్చువేశాడు, తన ఇంటి తలుపులు వాళ్లకు తెరిచిపెట్టాడు. నలభై ఏళ్లు నిండకుండానే 1861లో పోయాడు. దీనబంధు మిత్ర 1860లో ‘నీల్ దర్పణ్’ నాటకం రాశాడు. దాని ఇంగ్లీషు అనువాదం వెలువరించినందుకు జేమ్స్ లాంగ్ అనే పాదరీకి 1861లో నెల రోజుల జైలు, వెయ్యి రూపాయల జరిమానా వేశారు. ఆ వెయ్యి కాళీప్రసన్న సింహ అక్కడికక్కడే కట్టేశాడు. నాటకం రాసినవాడి మీద గాని, కొరడా పట్టిన దొరల మీద గాని కాదు, ఇంగ్లీషువాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పినవాడి మీద పడింది దెబ్బ.

చంపారన్: నష్టం కూడా రైతు నెత్తినే

బెంగాలులో కాలు నిలవక దొరలు బీహారుకు మళ్లారు. చంపారన్ జిల్లాలో బిగాకు ఇరవై కఠాలు. అందులో మూడు కఠాల్లో నీలి వేసి తీరాలి. దాన్నే ‘తీన్‌కఠియా’ అన్నారు.

ఇంతలో జర్మనీలో ఇంకో సంగతి జరిగింది. బేయర్ అనే రసాయన శాస్త్రవేత్త పదిహేనేళ్లు తంటాలుపడి 1880లో ప్రయోగశాలలో నీలిమందు తయారుచేశాడు. చౌకగా చెయ్యడం మాత్రం కుదరలేదు. బి.ఏ.ఎస్.ఎఫ్. కంపెనీ దానిమీద కోటీ ఎనభై లక్షల బంగారు మార్కులు గుమ్మరించింది. తారు నుంచి తీసిన నాఫ్తలీనును, అదే మన బట్టల్లో పెట్టే గోళీల సరుకును, ఆమ్లంతో కాచుతుండగా ఒకనాడు థర్మామీటరు పగిలి పాదరసం అందులో పడింది. ఆ పాదరసమే పనిని నడిపించింది. 1897లో సరుకు బజారుకొచ్చింది. ఆకు లేదు, తొట్టి లేదు, వాన కోసం చూడక్కర్లేదు. రెండు దశాబ్దాలు తిరక్కుండానే మన దేశపు నీలి సాగు కుప్పకూలింది.

నీలి పీడ విరగడైతే చంపారన్ రైతు పండగ చేసుకోవాలి కదా? దొరలు పండగ చేసుకోనివ్వలేదు. ఇన్నాళ్లూ ‘నీలి వెయ్యాల్సిందే’ అన్నవాళ్లు, ధర పడిపోగానే ‘నీలి మాన్పిస్తాం, అందుకు మాకు పరిహారం కట్టు’ అన్నారు. కొందరికి శాశ్వతంగా శిస్తు పెంచారు. దాని పేరు శరహ్‌బేషీ. కొందరి దగ్గర బిగాకు వంద రూపాయల వరకు ఒకేసారి గుంజారు. అది తావాన్. చేతిలో సొమ్ములేనివాడి చేత నోటు రాయించుకున్నారు, వడ్డీతో సహా. లాభం వచ్చినన్నాళ్లూ దొరది, నష్టం వచ్చిననాడు రైతుది. ఇంతకంటే వివరంగా పెట్టుబడి ధర్మాన్ని ఏ పుస్తకం చెబుతుంది?

చంపారన్ అనగానే పాఠ్యపుస్తకాల్లో గాంధీగారి బొమ్మ వస్తుంది. రావలసిందే. కానీ ఆయన అక్కడ కాలు పెట్టకముందు పదేళ్ల కిందటే, 1907-08లో, షేక్ గులాబ్, శీతల్ రాయ్ వంటి రైతులు నీలి వెయ్యమని ఎదురుతిరిగి జైళ్లకు పోయారు. 1916 డిసెంబరులో లక్నో కాంగ్రెసుకు పోయి గాంధీగారిని వదలకుండా వెంటపడి తెచ్చింది రాజకుమార్ శుక్లా అనే రైతు. 1917 ఏప్రిల్‌లో మోతీహారి కోర్టులో జిల్లా విడిచిపోనని గాంధీగారు చెప్పిన తర్వాత వేలాది రైతులు వచ్చి తమ కథలు రాయించారు. వకీళ్లు కూర్చుని రాసుకున్నారు. అడిగి, ఎదురు ప్రశ్నలు వేసి, అబద్ధం ఉంటే కొట్టేసి మరీ రాసుకున్నారు. ఆ కాగితాల కట్టలే దొరలను ఓడించాయి. 1918 చట్టంతో తీన్‌కఠియా పోయింది. తావాన్‌లో నూటికి పాతిక వంతు తిరిగివచ్చింది. ముప్పాతిక దొరల దగ్గరే ఉండిపోయింది. జమీందారీ అలాగే ఉంది. గెలుపు గెలుపే. దాని కొలత కూడా తెలిసి ఉండాలి.

మన సీమ నీలం

ఇక మన గడ్డ సంగతి. లండను బజారులో ‘కుర్పా’ అని ఒక రకం నీలిమందు అమ్ముడయ్యేది. అది కడప నీలం. దొర నోట కడప కుర్పా అయింది. కడప, కర్నూలు, నెల్లూరు మెట్టల్లో ఈ పంట బాగా సాగేది. అయితే ఇక్కడ బెంగాలులాంటి తిరుగుబాటు జరగలేదు. మన రైతు మెతకవాడనా? కాదు. మేము చూసినంతలో తేడా తొట్టి దగ్గర ఉంది.

పచ్చి ఆకు కోసిన పూటే నానాలి. ఆలస్యమైతే రంగు పడిపోతుంది. కాబట్టి పచ్చి ఆకు మోసుకొచ్చిన రైతు తొట్టి యజమాని గుమ్మంలో బేరం చేయలేడు. ఎంతిస్తే అంత పుచ్చుకుని పోవాలి. బెంగాలులో తొట్టి దొరది. మన వైపున ఎండుటాకు పద్ధతి కూడా ఉండేది. కోసిన మొక్కను ఎండలో ఆరబెట్టి, కొట్టి ఆకు రాల్చి, ఇంట్లో దాచేవారు. ఓ నెల నిలవ ఉంటే ఆకు సీసం రంగుకు మారుతుంది. అప్పుడు రెండు గంటలు నానితే చాలు. చిన్న తొట్టి చాలు. తొట్లు ఇక్కడ చాలావరకు ఊరివాళ్లవే. అప్పులిచ్చే షావుకారు లేడని మేము అనడం లేదు. ఉన్నాడు, బయానా అతనూ ఇచ్చాడు. కానీ నెల రోజులు సరుకు తన అటక మీద పెట్టుకోగలిగిన రైతుకు, సాయంత్రంలోగా తెగనమ్ముకోవాల్సిన రైతుకు ఉన్నంత భయం ఉండదు. పాలు పోసే రైతునూ, చెరుకు కొట్టిన రైతునూ అడగండి, సాయంత్రపు భయమంటే ఏమిటో చెబుతారు.

ఇప్పుడు నీలి మళ్లీ వస్తోంది. రాయలసీమలో అక్కడక్కడా, తమిళనాడులో తిండివనం చుట్టుపక్కలా సాగవుతోంది. జీన్సు పాంటుల నీలమంతా దాదాపు ఫ్యాక్టరీ సరుకే. పెట్రోలియం నుంచి చేసేదే. ఆ రంగు అద్దిన నీళ్లు నదుల్లో కలిసి గొడవలవుతున్నాయి కాబట్టి ‘ప్రకృతి రంగు’ అనే చీటీ అంటిస్తే విదేశాల్లో ఎక్కువ ధరకు అమ్ముకునే కంపెనీలు బయలుదేరాయి. జుట్టు నల్లబరచడానికి గోరింటాకుతో పాటు నీలి ఆకు పొడి అమ్మకం కూడా సాగుతోంది. మెట్టపంట, వానకు నిలుస్తుంది, రెండు కోతలొస్తుంది. వేరుశనగ దెబ్బతిన్న రైతు ఆశపడడంలో తప్పు లేదు. వద్దనమని మేమూ అనం.

ఎవరితో, ఏ కాగితం మీద అన్నదే ప్రశ్న. గద్వాల ప్రాంతపు విత్తన పత్తి రైతును చూస్తే చాలు. కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజరు ఉంటాడు. సాగుకు అప్పు అతనే ఇస్తాడు, వడ్డీ అతనే వేస్తాడు, విత్తనం అతనికే పోయాలి. కంపెనీ పరీక్షలో ‘ఫెయిల్’ అన్నారంటే ఏడాది కష్టం పోయినట్టే. ఆ పరీక్ష రైతు కళ్లముందు జరగదు. కర్ర దొర చేతిలో ఉన్నట్టే, ఇప్పుడు పరీక్ష కంపెనీ చేతిలో ఉంది. 2019లో గుజరాత్‌లో తన రకం బంగాళాదుంప పండించారని ఒక బహుళజాతి కంపెనీ రైతుల మీద కోర్టుకెక్కింది. దేశమంతా గగ్గోలెత్తితే కేసులు వెనక్కు తీసుకుంది. 2020లో కేంద్రం తెచ్చిన మూడు చట్టాల్లో ఒప్పంద సేద్యానిది ఒకటి. తగాదా వస్తే సివిల్ కోర్టుకు పోకూడదు, సబ్‌డివిజన్ అధికారి దగ్గరే తేల్చుకోవాలని అందులో రాశారు. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది కూర్చున్న రైతులు 2021 నవంబరులో ఆ మూడింటినీ రద్దు చేయించారు. చట్టం పోయింది. కాగితాలు పోలేదు.

నీలి వేద్దామనుకునే రైతు సోదరులు విత్తనం పొట్లం పుచ్చుకోకముందే కొన్ని అడిగి తీరాలి. ధర ఆకు బరువు మీదనా, ఎండుటాకు మీదనా, తీసిన రంగు మీదనా? పంట పోతే బయానా ఎవరి ఖాతా? కంపెనీ కొనకపోతే వేరేవాళ్లకు అమ్ముకోవచ్చునా? తెలుగులో రాసిన ప్రతి మన చేతికిస్తారా? పదిమంది కలిసి ఊళ్లో ఒక తొట్టి కట్టుకోగలిగితే, ఆకు అమ్మేవాళ్లు రంగు అమ్మేవాళ్లవుతారు. సహకార సంఘాలూ రైతు ఉత్పత్తిదారుల సంఘాలూ ఎరువుల బస్తాలు పంచడంతో సరిపెట్టుకోకుండా ఈ పని చెయ్యవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది శాతం. నీలిమందు బిళ్లలో అసలు రంగు ఎంత ఉందో, దాన్నిబట్టే కొనేవాడు ధర కడతాడు. ఒక బిళ్లకూ ఇంకో బిళ్లకూ తేడా బాగా ఉంటుంది. ఇప్పుడు ఆ లెక్క తేల్చేది కొనేవాడి ప్రయోగశాలే. పత్తికి తేమ కొలిచే మీటరు మార్కెట్ యార్డులో, రైతు చూస్తుండగా పెట్టించడానికి ఎన్ని ధర్నాలు చెయ్యాల్సివచ్చిందో మనకు గుర్తుంది. అయినా సీజనులో తగాదాలు తెమలడం లేదు. నీలి సాగు నాలుగు ఊళ్లలో ఉండగానే, ఆ మీటరు పక్కనే నీలం శాతం కొలిచే ఏర్పాటు కూడా యార్డులోనే పెట్టమని అడగాలి. నాలుగు మండలాలకు పాకాక, బయానాలు చేతులు మారాక అడిగితే ఎవరూ వినరు.